పక్క బిట్టు చెదరకుండా: 8086లో బిట్ల మార్పు, స్టాక్ వాడకం

1978లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 8086 ప్రాసెసరును నేర్చుకునే కర్నూలు, కడప, అనంతపురం ఇంజనీరింగ్ విద్యార్థులకు కూడికలు, తీసివేతల ప్రోగ్రాములు త్వరగానే పట్టుబడతాయి. చిక్కు వచ్చేది ఆ తరువాత. ఒక్క బిట్టును (0 గాని 1 గాని ఉండే స్థానాన్ని) మార్చబోతే పక్క బిట్టు మారుతుంది. ప్రొసీజరును (పేరుతో పిలిచే ఉప ప్రోగ్రామును) పిలిచి తిరిగి వచ్చేసరికి రిజిస్టర్లలోని (ప్రాసెసరు లోపలి చిన్న నిల్వ స్థానాల్లోని) పాత విలువలు కనిపించవు. మార్చవలసినదాన్ని తప్ప మరి దేన్నీ కదిలించకూడదన్న నియమం తప్పినందువల్లనే ఈ రెండూ జరుగుతాయి కనుక, బిట్ల పనిని, విలువలను తాత్కాలికంగా దాచే స్టాక్‌ను కలిపి నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఉమ్మడి కర్నూలు జిల్లాలోని శ్రీశైలం ఆనకట్టకు 12 క్రెస్టు గేట్లు ఉన్నాయి. అభ్యాసం కోసం వాటి స్థితిని 16 బిట్ల ఏఎక్స్ రిజిస్టరులో ఉంచుదాం. 1వ గేటుకు 0వ బిట్టు, 2వ గేటుకు 1వ బిట్టు, ఆ వరుసలో 12వ గేటుకు 11వ బిట్టు. గేటు తెరిచి ఉంటే 1, మూసి ఉంటే 0. పైన మిగిలే నాలుగు బిట్లు ఎప్పుడూ సున్నాలే. 1, 5, 12 గేట్లు తెరిచి ఉన్నప్పుడు ఏఎక్స్‌లో 0000 1000 0001 0001 ఉంటుంది. దశాంశంలో అది 2065, హెక్సాడెసిమల్‌లో 0811.

ఇప్పుడు 7వ గేటు తెరవాలి. దాని బిట్టు 6వది, ఆ స్థానం విలువ 64. ఆ ఒక్క స్థానంలోనే 1 ఉన్న సంఖ్యను మాస్క్ అంటారు. రెంటిలో ఏ ఒక్కదానిలో 1 ఉన్నా ఆ స్థానంలో 1 ఇచ్చే ఆర్ ఆదేశం వాడాలి.

ఆర్ ఏఎక్స్, 64

ఇక్కడ ఆర్ బదులు యాడ్ (కూడిక) రాసినా తొలిసారి సరైన ఫలితమే వస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. అయితే ఆ గేటు అప్పటికే తెరిచి ఉంటే 64కు మరో 64 కలిసి 128 అవుతుంది. అంటే 7వ గేటు మూసుకొని 8వ గేటు తెరుచుకున్నట్టు నమోదవుతుంది. ఆర్‌లో ఒక స్థానం నుంచి మరొక స్థానానికి క్యారీ (కూడికలో పక్క స్థానానికి వెళ్ళే అంకె) పోదు. బిట్లను అంకగణితంతో మార్చకూడదని చెప్పడానికి కారణం ఇదే.

మూయడానికి మాస్క్‌ను నాట్‌తో తిరగవేసి (0లను 1లుగా, 1లను 0లుగా మార్చి) యాండ్ చేయాలి; రెంటిలోనూ 1 ఉన్న స్థానంలోనే యాండ్ 1 ఇస్తుంది. 5వ గేటు మాస్క్ 16.

మూవ్ బీఎక్స్, 16
నాట్ బీఎక్స్
యాండ్ ఏఎక్స్, బీఎక్స్

ఎక్సార్ బిట్టును ఉన్న స్థితి నుంచి ఎదురు స్థితికి మారుస్తుంది. గేటు తెరిచి ఉందని ముందే తెలియనప్పుడు మూయడానికి దాన్ని వాడకూడదు. కేవలం చూడడానికైతే టెస్ట్ ఉంది; అది యాండ్ లాగే పనిచేసి ఫ్లాగులను (ఫలితం ఎలా ఉందో తెలిపే బిట్లను) మార్చుతుంది గాని ఫలితాన్ని రిజిస్టరులో రాయదు. టెస్ట్ ఏఎక్స్, 64 తరువాత జీరో ఫ్లాగు 1 అయితే, అంటే ఫలితం సున్నా అయితే, 7వ గేటు మూసి ఉన్నట్టు.

గేటు సంఖ్య ప్రోగ్రాము నడిచేటప్పుడే తెలిసేదైతే, అందులోంచి 1 తీసి సీఎల్‌లో (సీఎక్స్ రిజిస్టరు కింది సగంలో) ఉంచి, బీఎక్స్‌లో 1 వేసి, బిట్లను ఎడమకు జరిపే ఎస్‌హెచ్‌ఎల్ బీఎక్స్, సీఎల్ అంటే మాస్క్ సిద్ధమవుతుంది. 8086లో షిఫ్ట్ లెక్కగా 1ని గాని సీఎల్‌ను గాని మాత్రమే ఇవ్వగలం. నేరుగా వేరే అంకె రాసే వీలు 80186 నుంచి వచ్చింది.

ఇక స్టాక్. అది మెమరీలో ఒక భాగమే. దాని సెగ్మెంటును (మెమరీ ఖండాన్ని) ఎస్‌ఎస్, కొసను ఎస్‌పీ అనే రిజిస్టర్లు చూపుతాయి. 256 బైట్ల స్టాక్ కేటాయిస్తే మొదట ఎస్‌పీ విలువ 256. పుష్ ఏఎక్స్ అనగానే ఎస్‌పీ ముందు 254కు తగ్గి, ఆ తరువాత విలువ అక్కడ పడుతుంది: 0811లోని 11 అనే బైటు 254లో, 08 అనే బైటు 255లో. పాప్ చేస్తే విలువ రిజిస్టరులోకి వచ్చి ఎస్‌పీ 2 పెరుగుతుంది. స్టాక్ చిరునామాలు కిందికి పెరుగుతాయన్న సంగతి కాగితం మీద గీసుకుంటేనే మనసుకు ఎక్కుతుంది. పుష్ ఎప్పుడూ 16 బిట్లకే వర్తిస్తుంది. ఏఎక్స్ కింది సగమైన ఏఎల్‌ను విడిగా పుష్ చేయలేం.

తెరిచిన గేట్లను లెక్కించి డీఎక్స్‌లో ఇచ్చే ప్రొసీజరులో రెండు విషయాలూ కలుస్తాయి.

లెక్క:
పుష్ ఏఎక్స్
పుష్ సీఎక్స్
మూవ్ డీఎక్స్, 0
మూవ్ సీఎక్స్, 12
మళ్ళీ:
ఎస్‌హెచ్‌ఆర్ ఏఎక్స్, 1
ఏడీసీ డీఎక్స్, 0
లూప్ మళ్ళీ
పాప్ సీఎక్స్
పాప్ ఏఎక్స్
రెట్

ఎస్‌హెచ్‌ఆర్ ప్రతిసారీ కుడి చివరి బిట్టును క్యారీ ఫ్లాగులోకి నెడుతుంది. ఏడీసీ ఆ క్యారీని డీఎక్స్‌కు కలుపుతుంది. 2065తో పిలిస్తే డీఎక్స్‌లో 3 వస్తుంది. షిఫ్టులతో ఏఎక్స్ పూర్తిగా సున్నా అవుతుంది, సీఎక్స్‌ను లూప్ ప్రతిసారీ 1 తగ్గిస్తూ ఖర్చు చేస్తుంది. అందుకే ఆ రెంటినీ ముందు దాచాం. డీఎక్స్ ఫలితాన్ని మోసేది గనుక దాచలేదు. పాప్‌లు పుష్‌లకు ఎదురు వరుసలో ఉండాలి. వరుస తప్పితే ఏఎక్స్, సీఎక్స్ విలువలు తారుమారవుతాయి.

డీబగ్గరులో ఒక్కొక్క ఆదేశం నడుపుతూ ఎస్‌పీని గమనించండి. అదే సెగ్మెంటులోని ప్రొసీజరుకు కాల్ తిరుగు చిరునామాను (ప్రొసీజరు ముగిశాక తిరిగి రావలసిన చోటును) దాచడంతో 254, రెండు పుష్‌లతో 252, 250, రెండు పాప్‌లతో మళ్ళీ 254, రెట్‌తో 256 కనిపించాలి. రెట్ దగ్గరకు వచ్చేసరికి ఎస్‌పీ 254లో లేకపోతే, అది స్టాక్ కొసన ఉన్న వేరే విలువను తిరుగు చిరునామాగా తీసుకొని సంబంధం లేని చోటికి దూకుతుంది.

ఈ తప్పు ఎక్కువగా దొర్లేది ప్రొసీజరును తరువాత సవరించేటప్పుడు. గేట్లన్నీ మూసి ఉంటే లూప్ అనవసరమని, డీఎక్స్‌ను సున్నా చేసిన వెంటనే ఏఎక్స్‌ను పరీక్షించి నేరుగా రెట్‌కు దూకే ఆదేశం చేర్చారనుకోండి. అప్పటికి రెండు పుష్‌లు జరిగిపోయాయి, వాటి పాప్‌లు జరగలేదు. ఆ దూకుడు చేరవలసిన లేబుల్‌ను (పైన ‘మళ్ళీ’ వంటి చోటు పేరును) రెట్ ముందు కాక, పాప్ సీఎక్స్‌కు ముందు పెట్టాలి.