మోకాళ్ల పొడి రెండు రోజుల్లో పనిచేసిందా? ఆపే ముందు ఇది చదవండి

గుంటూరు బ్రాడీపేటలో నాకు మందుల దుకాణం ఉంది. ఫార్మసిస్టుగా ఇరవై రెండేళ్ల అనుభవం. స్టెరాయిడ్ మాత్రల చీటీ తెచ్చిన ప్రతి ఒక్కరికీ "ఇవి ఒక్కసారిగా మానకూడదు, డాక్టరుగారు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి" అని చెప్పిన తర్వాతే కవరు చేతిలో పెడతాను. అటువంటి నేనే మా అత్తగారు వాడుతున్న పొడిని ఒక్క పూటలో ఆపించాను. మూడో రోజు ఆవిడను 108 వాహనంలో ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చింది. ఆ పొడిలో స్టెరాయిడ్ ఉండవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. నేను చేసిన పొరపాటు మరో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను.

మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. ఆరేళ్లుగా మోకీళ్ల అరుగుదల. ఇంట్లోనే మందుల దుకాణం ఉన్నా, మాత్రలు వేడి చేస్తాయని ఆవిడ నమ్మకం. పాత గుంటూరులో ఎవరో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, స్కూటరు మీద తిరుగుతూ చెట్ల మందు అమ్మే మనిషి దగ్గర ముప్పై పొట్లాలు తొమ్మిది వందలకు కొన్నారు. ముదురు గోధుమరంగు పొడి. శొంఠి, వాము కలిసిన వాసన. పరగడుపున తేనెతో నాకాలి, వంకాయ, గోంగూర, చింతపండు మానాలి. ఇదీ పథ్యం. ఆవిడ గోంగూర పచ్చడి వద్దన్న రోజునే నేను అడిగి ఉండవలసింది. నోరు కట్టుకునేంత కఠినమైన పథ్యం చెప్పేసరికి పెద్దవాళ్లకు ఆ మందు మీద గురి కుదురుతుంది. నొప్పి తగ్గకపోతే పథ్యం తప్పారని అనడానికీ అమ్మేవాడికి వీలుంటుంది.

రెండో రోజుకే ఆవిడ పిట్టగోడ పట్టుకోకుండా మేడ ఎక్కారు. నాలుగు నెలలు వాడారు. ముఖం నిండుగా, గుండ్రంగా అయింది. "కోడలు బాగా చూసుకుంటోంది, ఒళ్లు చేశారు" అని ఇరుగుపొరుగు అంటే నేనూ సంతోషించాను. జాకెట్టు నడుం దగ్గర బిగుసుకుపోయి, చేతుల దగ్గర వదులైందని ఆవిడే ఒకసారి చూపించారు. తలుపు గడియ కాస్త తగిలినా ముంజేతి మీద నల్లగా కమిలేది. ఇవన్నీ విడివిడిగా నా కళ్ల ముందే ఉన్నాయి. ఎప్పుడూ లేని చక్కెర 286 వచ్చిన రోజున గట్టిగా అడిగితే, బియ్యం డబ్బా వెనక నుంచి పొట్లాలు తీసి ఇచ్చారు. కోపంలో అన్నీ సింకులో పోసి నీళ్లు వదిలాను.

మూడో రోజు తెల్లవారుజామున వాంతులు. తల ఎత్తలేకపోయారు. రక్తపోటు 80/50కి పడిపోయింది. అత్యవసర విభాగంలో ఉన్న యువ డాక్టరు ఆవిడ ముఖం, ముంజేతులు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మోకాళ్లకు ఏం పొడి వాడుతున్నారు? ఎప్పుడు మానేశారు?"

లోపల జరిగింది ఇది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు మనకు కావలసిన కార్టిసాల్ అనే హార్మోనును రోజూ తయారు చేస్తాయి. దాని పనే చేసే స్టెరాయిడ్ బయటి నుంచి వారాల తరబడి వస్తుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. ఆ బయటి సరఫరా హఠాత్తుగా ఆగితే అవి వెంటనే లేవలేవు, కొన్ని వారాలో నెలలో పడుతుంది. ఈలోగా రక్తపోటు పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మా అత్తగారికి రక్తం తీసి, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్లు ఇచ్చి నిలబెట్టారు. ఆ రక్తంలో కార్టిసాల్ బాగా తక్కువగా ఉందని తర్వాత తేలింది. ఆ తర్వాత మాత్రలతో మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇప్పటికే వాడుతుంటే

అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఇదే. లైసెన్సు లేని పొడి, గుళికలు, కషాయం ఏదైనా రెండు మూడు వారాలకు మించి రోజూ వాడి ఉంటే, మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి. అలాగని వాడుతూ కూర్చోకండి. అదే రోజు, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే జనరల్ ఫిజీషియన్ దగ్గరకు వెళ్లండి. పొట్లం, దాని కవరు, వాడిన చెంచా కూడా పట్టుకెళ్లండి. "ఇందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానం, ఇన్ని వారాలుగా రోజుకు ఇంత వాడుతున్నాం" అని నోరు తెరిచి చెప్పండి. ఈ ఒక్క మాటతో డాక్టరు ఆలోచన సరైన దారిలో పడుతుంది. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో కార్టిసాల్ పరీక్ష, చక్కెర, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు అవసరమా అని అడగండి. ఎలా ఆపాలో, బదులుగా ఏమివ్వాలో ఆయన నిర్ణయిస్తారు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మర్నాటి దాకా ఆగకూడదు. తారులా నల్లటి విరేచనం, నెత్తురు వాంతి అయితే కడుపులో రక్తస్రావం అవుతోందని అర్థం. కళ్లు పచ్చబడి మూత్రం ముదురు రంగులో వస్తే కాలేయానికి ప్రమాదం. మూత్రం బాగా తగ్గి కాళ్లు, ముఖం పొంగితే మూత్రపిండాలు దెబ్బతింటున్నట్టు. పొడి మానిన కొద్ది రోజుల్లో వాంతులు, కళ్లు తిరగడం, లేవలేనంత నీరసం వస్తే పైన చెప్పిన అడ్రినల్ సమస్య. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి.

ఇంకా మొదలుపెట్టకపోతే

మొదటి పరీక్ష వేగం. ఆరేళ్ల నొప్పి రెండు రోజుల్లో మాయమైతే సంతోషించవద్దు, భయపడండి. గుగ్గులు, శల్లకి, పెన్నేరు (అశ్వగంధ) వంటి ఆయుర్వేద దినుసులు పనిచేసినా మెల్లగా పనిచేస్తాయి. చదువుకున్న ఆయుర్వేద వైద్యులు కూడా వారాల లెక్క చెబుతారు తప్ప ఒక్క రాత్రిలో లేపుతామనరు. అంత వేగం సాధారణంగా డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్లకో, డైక్లోఫినాక్, ఇండోమెథాసిన్ వంటి నొప్పి మాత్రలకో ఉంటుంది. డెక్సామెథాసోన్ ముప్పాతిక మిల్లీగ్రాము, అంటే 0.75, ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాములతో సమానం. అంత కొంచెం దినుసు శొంఠి పొడిలో కలిస్తే కంటికీ ముక్కుకూ నాలుకకూ అందదు. నీళ్లలో కలిపి చూశాం, కాల్చి చూశాం అని కొందరు చెబుతుంటారు. ఆ పరీక్షలు నమ్మకండి, ప్రయోగశాలలో తప్ప తెలియదు. చేత్తో కలిపిన పొడి కాబట్టి ఒక పొట్లంలో ఎంత పడిందో, ఇంకో పొట్లంలో ఎంత పడిందో కలిపినవాడికీ తెలియదు.

ఈ కల్తీ మన ఊళ్లకే పరిమితం కాదు. కీళ్ల నొప్పులకు సహజమైన పోషకాహారంగా అమ్ముడైన ఒక సరుకును 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షించి, డబ్బా మీద రాయని డైక్లోఫినాక్, డెక్సామెథాసోన్ రెండూ అందులో ఉన్నాయని హెచ్చరించింది. లోహాల సంగతి వేరు. ఇంటర్నెట్‌లో దొరికే 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించిన ఫలితాలు 2008లో ప్రచురించారు. దాదాపు ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో కనీసం ఒకటి బయటపడింది. సీసం చేరితే బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, నెత్తురు తగ్గడం కనిపిస్తాయి. దాన్ని గ్యాసు నొప్పి అనుకుని నెలలు గడిపేవాళ్లున్నారు.

రెండో పరీక్ష లేబుల్. మన దేశంలో ఆయుర్వేద మందులకూ 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టమే వర్తిస్తుంది. అమ్మే మందు మీద ఆయుర్వేద ఔషధమన్న మాట, తయారీదారు పేరు, పూర్తి చిరునామా, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ, కలిపిన దినుసుల పేర్లు, ఒక్కోటి ఎంత ఉందో ఆ పరిమాణం ఉండాలి. నా దుకాణంలో ఈ మధ్య ఒకాయన చూపించిన డబ్బా మీద ఆకుల బొమ్మ, "నూరు శాతం సహజం" అన్న ముద్ర, పద్నాలుగు అంకెల సంఖ్య ఉన్నాయి. ఆ పద్నాలుగు అంకెలు ఆహార లైసెన్సువి. ఆహారంగా లైసెన్సు పొందిన సరుకు కీళ్ల జబ్బును నయం చేస్తానని చెప్పుకోకూడదు. ముష్టి గింజ, వత్సనాభి, నల్లజీడి, పాదరసం, పాషాణం వంటి విష ద్రవ్యాలు ఉన్న మందు మీద వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి. శుద్ధి చేసినవే ఆయుర్వేదంలో వాడతారు, సరిగా శుద్ధి చేయకపోతే అవి విషాలే.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వైద్యుడు తన సొంత రోగుల కోసం స్వయంగా తయారు చేసి ఇచ్చే మందుకు చట్టం తయారీ లైసెన్సు అడగదు. కాబట్టి ఆయుర్వేద డాక్టరుగారు కాగితంలో కట్టి ఇచ్చిన ప్రతి చూర్ణాన్నీ దొంగ మందు అనలేం. అప్పుడు చూడవలసింది ఆ మనిషిని. చదువేమిటి, రిజిస్ట్రేషన్ సంఖ్య ఏమిటి, ఇచ్చిన మందు పేరు చీటీ మీద రాస్తారా? నిజమైన వైద్యులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉండగా స్కూటరు మీది మనిషిని నమ్మవలసిన పని లేదు. నాకు ఆయుర్వేదం మీద వ్యతిరేకత లేదు. వావిలాకు మరిగించిన నీళ్లతో మా ఇంట్లో ఇప్పటికీ కాపడం పెడతాం. పేరూ ఊరూ లేని పొట్లం మీదే నా పోరాటం.

మూడోది అమ్మేవాళ్ల మాటలు. "డాక్టరు మందులన్నీ మానేసి ఇది వాడండి" అన్న మాట వినిపిస్తే అక్కడి నుంచి లేచి రండి. ఫలానా మందు కీళ్లవాతాన్ని నయం చేస్తుందని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో ఉన్న జబ్బుల్లో కీళ్లవాతం ఒకటి. గోడల మీది కాగితాలూ, ఫోన్లలో తిరిగే వీడియోలూ చూసినప్పుడు ఇది గుర్తుకు రావాలి. 2006లో చికున్‌గున్యా మన ప్రాంతాన్ని చుట్టేసినప్పుడు కుంటుకుంటూ నడిచే మనుషులతో వీధులు నిండిపోయాయి. ఆ సంవత్సరం ఇలాంటి పొట్లాలు ఎన్ని అమ్ముడయ్యాయో కళ్లారా చూశాను. నొప్పితో రాత్రులు నిద్రలేని మనిషి ఏదైనా నమ్ముతాడు, తప్పు అతనిది కాదు.

పెద్దవాళ్లను అడిగే తీరు

మా అత్తగారిని అంతకు ముందు ఒక డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "ఏమీ లేవు బాబూ" అన్నారు. అది అబద్ధం కాదు. ఆవిడ దృష్టిలో మందంటే మాత్ర. పొడి, పసరు, లేహ్యం మందుల లెక్కలోకి రావు. అందుకని పేరు పేరునా అడగాలి. పొడి ఏమైనా నాకుతున్నారా, పసరు తాగుతున్నారా, ఊళ్లో ఎవరైనా గుళికలు ఇచ్చారా, ఏదైనా పథ్యం చెప్పారా? కోప్పడితే పొట్లం మళ్లీ బియ్యం డబ్బా వెనక్కే వెళుతుంది. నేను ఆ రోజు అరవకుండా ఉంటే, ఆవిడే నాలుగు మాటలు చెప్పి ఉండేవారు, నాకూ ఆలోచించే తీరిక దొరికేది.

నొప్పి ఏ రకమో తేల్చుకోవడం కూడా ముఖ్యం. పొద్దున్న లేవగానే వేళ్లు, మణికట్లు గంటకు పైగా బిగుసుకుపోయి వాచి ఉంటే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్లవాతం కావచ్చు. స్టెరాయిడ్ కలిసిన పొడితో నొప్పి అణిగినా, అసలు చికిత్స ఆలస్యమైన కొద్దీ లోపల కీళ్లు తినేసుకుపోతాయి. వేళ్లు వంకరపోయాక ఏ మందూ వాటిని తిరిగి నిలబెట్టలేదు. కాలి బొటనవేలు కీలు ఒక్క రాత్రిలో ఎర్రగా వాచితే యూరిక్ యాసిడ్ చూడాలి. రక్తం పలచబడే మందులు, చక్కెర మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా పసుపు గుళికలు కూడా మొదలుపెట్టకండి. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలు ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. లేబుల్ సరిగ్గా ఉన్న మూలిక కూడా అందరికీ పడదు.

మా అత్తగారు ఇప్పుడు రోజూ కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి అయిదు లెక్కపెట్టి దించుతారు. నొప్పి ఎక్కువైన రోజు డైక్లోఫినాక్ జెల్ పైపైన రాస్తాం. కింద కూర్చోవడం మానేశారు. బరువు నాలుగు కిలోలు తగ్గారు. మేడ ఎక్కడానికి మళ్లీ పిట్టగోడ పట్టుకుంటున్నారు, చక్కెర మాత్రం అదుపులో ఉంది.

ఫిర్యాదు చేద్దామంటే మా దగ్గర ఒక్క పొట్లం మిగలలేదు, అన్నీ నేనే సింకులో పోశాను. మీరు అలా చేయకండి. రెండు మూడు పొట్లాలు విప్పకుండా గట్టి మూత ఉన్న సీసాలో పెట్టి, కొన్న తేదీ, చోటు, ఇచ్చిన డబ్బు, వాడిన రోజులు ఒక కాగితం మీద రాసి అందులోనే ఉంచండి. మందు వల్ల జరిగిన హానిని 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలపవచ్చు. అమ్మిన మనిషి గురించి జిల్లా ఔషధ నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.