థార్ ముందు ఆర్మ్ బుష్షులు మార్చేటప్పుడు బోల్టు ఎప్పుడు బిగించాలి, ఎట్టా బిగించాలి

చీమకుర్తి, రామతీర్థం వైపు గ్రానైట్ టిప్పర్లు తిరిగే రోడ్డు మీద రోజూ పోయే బండి అయినా, ఇటు ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు సైడ్ రొయ్యల గుంటల కట్టల మీద తిరిగే బండి అయినా, లింక్ రాడ్ల (స్టెబిలైజర్ బార్‌ని పట్టుకునే చిన్న కడ్డీలు) తర్వాత ముందు టక్ టక్ మొదలయ్యేది చాలాసార్లు ఆర్మ్ బుష్షుల కాడే. ఆర్మ్ అంటే చక్రాన్ని ఛాసిస్‌కి కలిపి పైకీ కిందకీ ఊగే ఇనప చెయ్యి, అది ఛాసిస్‌కి తగులుకునే చోట ఉండేది బుష్షు. కాకపోతే రెండుచోట్లా పోయే తీరు వేరు. క్వారీ రోడ్డులో గుంతల దెబ్బకి రబ్బరు చీలుద్ది, గుంటల కాడ రబ్బరు బాగానే ఉన్నా ఉప్పు నీళ్ళకి బోల్టు తుప్పుపట్టి బుష్షు లోపలే కూర్చుండిపోద్ది. నేను చెప్పేది 2020లో వచ్చిన కొత్త మోడల్ థార్ గురించి, దానికి ముందు డబుల్ విష్‌బోన్, పైన ఒక ఆర్మ్ కింద ఒక ఆర్మ్, స్ప్రింగు షాకబ్జర్ చుట్టూనే ఉంటది. పాత సీఆర్‌డీఈ థార్ అయితే ముందు టార్షన్ బార్ (స్ప్రింగుకి బదులు మెలి తిరిగి పనిచేసే ఇనప కడ్డీ), దాని సంగతి మధ్యలో చెప్తా. జిమ్నీకి ముందూ వెనకా గట్టి యాక్సిలే కాబట్టి విప్పే పద్ధతి వేరు, కానీ బిగించే పద్ధతి మాత్రం దానికీ ఇదే.

బుష్షులో ఉండేది మూడే, బయట ఇనప రింగు, లోపల ఇనప గొట్టం, రెంటికీ మధ్యన అతికించిన రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్ బ్రాకెట్ రెండు చెవుల మధ్య బిగుసుకుపోయి ఇంక కదలదు. ఆర్మ్ పైకీ కిందకీ ఊగేటప్పుడు గొట్టం తిరగదు, రబ్బరే మెలి తిరుగుద్ది. మనకాడ కొత్త బుష్షులు వేయించిన కొన్ని నెలలకే మళ్ళీ సౌండు వస్తందని పార్టు మీద పడతారు జనం, చాలాసార్లు పార్టు తప్పేమీ ఉండదు, బండి లిఫ్టు మీద చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టు ఫుల్లుగా బిగించేసుంటారు. కిందకి దించగానే ఆర్మ్ పైకి లేచి రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడుద్ది, బండి ఊరికే ఇంటి ముందు నిలబడున్నా ఆ మెలికలోనే ఉంటది, పైగా గుంత తగిలిన ప్రతిసారీ ఇంకా మెలిపడి ఎంత మంచి కంపెనీదైనా చీలిపోద్ది. అందుకే ఇప్పటం, కొట్టించటం కంటే చివర్లో బిగించేదే అసలు పని అంటా నేను.

ముందు నిజంగా బుష్షేనా అని చూడండి. చిన్న చిన్న గతుకుల మీద నిదానంగా పోతుంటే దడదడ, బ్రేకు తొక్కితే ఒక పక్కకి లాగటం, 16వ నంబర్ హైవే మీద ఎనభైలో పోతుంటే స్టీరింగు సర్దుకుంటానే ఉండాల్సి రావటం, టైరు లోపలి అంచు ముందుగా అరగటం, ఇవన్నీ బుష్షు గుణాలే గానీ బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండు కీలు) పోయినా దాదాపు ఇవే. లింక్ రాడ్ అయితే చేత్తో పట్టుకుని ఊపితేనే తెలిసిపోద్ది. బాల్ జాయింట్‌కి లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. బుష్షుకైతే బ్రాకెట్‌కీ ఆర్మ్‌కీ మధ్య పొడవాటి టామీ రాడ్ పెట్టి ఎగదన్నండి, కొంచెం కదలటం మామూలే, రబ్బరు ఇనుము నుంచి విడిపోయి సందు కనపడినా, లోపలి గొట్టం మధ్యలో లేకుండా ఒక పక్కకి జారున్నా అది అయిపోయినట్టే. పైపైన వెంట్రుకవాసి పగుళ్ళు మన ఎండలకి ఏ రబ్బరుకైనా వస్తాయి, వాటిని చూసి మార్చాల్సిన పన్లేదు.

పార్టు కొనేముందు ఛాసిస్ నంబర్ ఇచ్చి బుష్షు విడిగా దొరుకుద్దా, ఆర్మ్ మొత్తంగానే ఇస్తారా అడగండి. ఆర్మ్‌లో ఉన్న బాల్ జాయింట్ కూడా ఆడుతుంటే ఆర్మ్ మొత్తం వేసుకోవటమే నయం, ఒక్కసారి ఇప్పితే రెండు పనులైపోతాయి. పాలీ బుష్షులు (రబ్బరుకి బదులు గట్టి పాలీయురేథేన్‌తో చేసినవి) వెయ్యమని సలహాలిచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, స్టీరింగు టైట్‌గా ఉంటది నిజమే, కానీ అవి స్లీవు మీద తిరిగే రకం కాబట్టి సిలికాన్ గ్రీజు ఉండాల, మన గుంటల బురద, మైపాడు ఇసక లోపలికి పోయిందంటే కిర్రుకిర్రుమంటానే ఉంటాయి. భైరవకోన దారిలాంటి రాళ్ళ బాటలో ఆర్మ్ నానా వంకర్లు తిరగాల, ఆ పని రబ్బరే బాగా చేస్తది. నేనైతే కంపెనీ రబ్బరుకే ఓటేస్తా. ఏ రకమైనా రెండు పక్కలా మార్చండి, ఒక పక్క కొత్తది ఒక పక్క పాతది ఉంటే బండి ఎటో ఒకవైపు లాగుద్ది. నైలాన్ నట్లు కూడా కొత్తవి తీసుకోండి.

బండి కదలకముందే, చదునైన చోట నిలబెట్టి, హబ్బు (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రెండు పక్కలా రాసుకోండి. ఒక్క నిమిషం పని. చివర్లో మొత్తం ఈ కొలత మీదే నిలబడుద్ది. బోల్టులకి ముందురోజు సాయంత్రమే డబ్ల్యూడీ ఫార్టీ లాంటిది కొట్టి వదిలేయండి.

స్టాండుల కాడ జాగ్రత్త. వాకిట్లో కడప బండలు పరిచుంటే కింద ఎక్కడ గుల్లగా ఉందో తెలీదు, స్టాండు కాలు నేరుగా పెడితే బండ పగిలి బండి ఒరుగుద్ది, మందపాటి చెక్క వేసి దాని మీద స్టాండు పెట్టండి. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాల. ఒక్క జాకీ మీద నిలబెట్టి కిందకి దూరటం అనేది ఎంత తెలిసిన మేస్త్రి చేసినా తప్పే.

చక్రం తీశాక ఏబీఎస్ వైరు క్లిప్పు, బ్రేక్ పైపు క్లాంపు, లింక్ రాడ్, షాకబ్జర్ కింది బోల్టు, ఆ తర్వాత బాల్ జాయింట్, ఈ వరసలో పోవచ్చు. బాల్ జాయింట్ నట్టు మొత్తం తీయొద్దు, నాలుగు చుట్లు వదులు చేసి ఆపి, నకిల్ (హబ్బుని పట్టుకునే ఇనప దిమ్మ) మీద బాల్ జాయింట్ పిన్ను దిగి ఉండే చోట పక్కనుంచి సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేస్తే ఊడుద్ది, ఫోర్కు పెట్టి లేపితే రబ్బరు టోపీ చినుగుద్ది. అప్పర్, లోయర్ రెండూ ఒకేసారి ఇప్పకండి, ఒకటి ఇప్పి బిగించాక ఇంకోటి. నకిల్‌ని బైండింగ్ వైరుతో పైకి కట్టేయండి, అది వేలాడితే బరువంతా బ్రేక్ పైపు మీదా, యాక్సిల్ జాయింట్ మీదా పడుద్ది.

ఇక్కడ పాత థార్ వాళ్ళకి ఒక మాట, టార్షన్ బార్ మెలిలో బండి బరువంతా దాచుకుని ఉంటది, ముందు అడ్జస్టర్ బోల్టు ఎంత బయటికి ఉందో కొలిచి రాసుకుని దాన్ని పూర్తిగా వదులు చేశాకే ఆర్మ్ ముట్టుకోవాల. స్ప్రింగు విడిగా ఆర్మ్ మీద కూర్చునే బండ్లయితే స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా ఇంట్లో అసలు చెయ్యొద్దు, ఎగిరి తగిలితే ప్రాణం పోద్ది.

ఆర్మ్ బోల్టులకి గుండ్రటి వాషరు లాంటి క్యామ్ ఉండి, పక్కన గీతలుంటే అది అలైన్‌మెంట్ సెట్టింగు, ఇప్పేముందు వైట్ పెయింట్‌తో బ్రాకెట్ మీదకి కలిపి గీత గీసి ఫొటో తీసుకోండి. కొన్ని బండ్లలో అప్పర్ ఆర్మ్ కింద రేకు ముక్కలు, అదే షిమ్‌లు ఉంటాయి, ఏ బోల్టు కింద ఎన్ని ఉన్నాయో అన్నే మళ్ళీ అక్కడే పెట్టాల.

ఇంక జామ్ అయిన బోల్టు. గుంటల కాడ తిరిగే బండికి ఇది రానే వస్తది. నట్టు ఊడొస్తది, బోల్టు తల తిప్పితే కొంచెం తిరిగినట్టే తిరిగి రించ్ వదలగానే మళ్ళీ వెనక్కి వచ్చేస్తది. అట్టా జరిగిందంటే బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది, మీరు తిప్పేది బోల్టు కాదు, రబ్బరుని. నట్టుని మర చివరికి సమానంగా ఎక్కించి, ఆపైన సుత్తి వేస్తే మర పాడవకుండా ఉంటది, ముందుకీ వెనక్కీ తిప్పుతూ నూనె కొడుతూ చూడండి, ఇంపాక్ట్ గన్ దొరికితే ఇంకా మంచిది. అయినా కదలకపోతే గంటలకొద్దీ పోట్లాడటం దండగ, బ్రాకెట్‌కీ బుష్షుకీ మధ్య సందులో హాక్‌సా బ్లేడు దూర్చి రెండు పక్కలా బోల్టు కోసేసి కొత్త బోల్టు వేసుకోండి. గ్యాస్ మంట పెట్టేవాళ్ళు ఉంటారు, పక్కనే బ్రేక్ పైపు, బాల్ జాయింట్ రబ్బరు ఉన్నాయి కాబట్టి నాకది నచ్చదు, పైగా కాలిన రబ్బరు పొగ పీల్చటం ఎవరికీ మంచిది కాదు.

ఆర్మ్ చేతికొచ్చాక ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న లేత్ షాపుకి పట్టుకుపోండి. పాత బుష్షు ఎటు తిరిగుంది, ఎంత లోపలికి ఉంది మార్కరుతో ఆర్మ్ మీద గుర్తు పెట్టాకే కొట్టించండి. కొన్ని బుష్షుల రబ్బరులో కావాలనే ఖాళీలు వదిలుంటారు, కొన్నిటికి బాణం గుర్తు ఉంటది, అది ఏ దిక్కుకి ఉండాలో అదే దిక్కుకి ఉండాల, తిప్పి ఎక్కిస్తే ఒక దిక్కులో మెత్తగా, ఒక దిక్కులో గట్టిగా పనిచేయాల్సింది తలకిందులైపోద్ది. షాపు వాడి పక్కనే నిలబడండి, వాడికి తొందర ఎక్కువ. మూడు చూడాల: ఒకటి, ప్రెస్ గొట్టం బయటి రింగు మీదే ఆనాల, రబ్బరు మీద గానీ లోపలి గొట్టం మీద గానీ ఆనితే కొత్త బుష్షు అక్కడే చచ్చిపోద్ది. రెండు, కింద ఆర్మ్‌కి ఆసరాగా పెట్టిన పైపు బుష్షు కంటే వెడల్పు ఉండాల. మూడు, ఆర్మ్ రేకు మడిచిన రకం అయితే రెండు చెవుల మధ్య సరిపడా ఇనప ముక్క పెట్టకపోతే చెవులు లోపలికి వంగుతాయి. రంధ్రం లోపల ఎమరీ పేపర్‌తో తుప్పు తీసి, ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్ళు రాయండి, గ్రీజు, ఇంజనాయిల్, డీజిల్ వద్దు, వాటికి రబ్బరు ఉబ్బుద్ది. బుష్షులు రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెడితే బయటి రింగు వెంట్రుకవాసి కుంచించుకుపోయి ఇంకొంచెం సులువుగా దిగుద్ది, కవర్లో చుట్టి పెట్టండి, ఇంట్లో వాళ్ళ మాటలు పడటం మీ ఓపిక.

తిరిగి బిగించేటప్పుడు కొత్త బోల్టు నున్నటి భాగానికి పల్చగా నీళ్ళకి పోని గ్రీజు రాయండి, మళ్ళీ ఉప్పు పట్టి అతుక్కోకుండా, మర మీద మాత్రం రాయొద్దు, టార్క్ (ఎంత బలంతో బిగించాలనే) లెక్క మారిపోద్ది. బాల్ జాయింట్, లింక్ రాడ్, షాకబ్జర్ నట్లు గుర్తుంచుకుని బిగించండి. ఆర్మ్ బుష్షు బోల్టులు మాత్రం ఊడకుండా ఉండేంత, అంతే. చక్రం ఎక్కించి బండి నేలకి దించి, పైనుంచి రెండు మూడుసార్లు ఊపి, వాకిట్లోనే నిదానంగా రెండు గజాలు ముందుకీ వెనక్కీ తోలితే ఆర్మ్ తన చోటికి వస్తది. అప్పుడు టేపు తీసి హబ్బు నుంచి మడ్‌గార్డు దాకా కొలవండి, ముందు రాసుకున్న కొలతకి వచ్చిందంటే అప్పుడు కిందకి దూరి బోల్టు తలని ఒక పానాతో పట్టుకుని నట్టు వైపు టార్క్ రించ్‌తో బిగించండి. థార్ ఎత్తుకి సాధారణంగా చెయ్యి దూరుద్ది, దూరకపోతే నాలుగు చక్రాల కింద ఒకే మందం చెక్కలు వేసి నిలబెట్టండి. టార్క్ నంబరు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి, చాలా ఎస్‌యూవీలకి ఇది వంద న్యూటన్ మీటర్లు దాటే ఉంటది, చేతి అంచనాకి వదిలేసే బోల్టు కాదు. చక్రం గాల్లో ఉండగా లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి ఎత్తి ఆ కొలతకి తెచ్చి బిగించొచ్చు అంటారు, అయ్యే పనే, కానీ కొలత రాకముందే బండి స్టాండు మీద నుంచి లేచిపోయే అవకాశం ఉంది, ఒంటరిగా ఉంటే వద్దు.

ఆ తర్వాత నేరుగా అలైన్‌మెంట్‌కి పోండి, మధ్యలో హైవే ఎక్కి తిరగొద్దు. క్యామ్ బోల్టులు వదులు చేసి సరిచేస్తే అక్కడే, చక్రాలు నేల మీద ఉండగానే మళ్ళీ టార్క్‌కి బిగించమని చెప్పండి, తర్వాత బండి ఎత్తి ఇంకొక్కసారి బిగిస్తానంటే వద్దనండి. బయటికి రాగానే ప్రతి నట్టు మీద నుంచి బ్రాకెట్ మీదకి పెయింట్ గీత ఒకటి గీయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కట్టల మీద తిరిగేవాళ్ళు వారానికోసారి మంచినీళ్ళతో ఆర్ముల చుట్టూ కడిగేయండి, ప్రెషర్ గన్ రబ్బరుకి మరీ దగ్గరగా పెట్టకుండా. ఒక ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఆ గీత చూడండి, నట్టు మీది ముక్క, బ్రాకెట్ మీది ముక్క పక్కకి జరిగి కనపడితే వదులైనట్టు, బండి నేల మీదే ఉంచి మళ్ళీ రించ్ వెయ్యండి.