ఉద్యోగానికి రిజైన్ పేపర్ వేసే ముందు పేస్లిప్‌తో పనులన్నీ చేయించేసుకోండి

గచ్చిబౌలిలోనో హైటెక్ సిటీలోనో జాబ్ చేస్తూ, అది మానేసి వీడియో ఎడిటింగ్‌లోకో రైటింగ్‌లోకో దూకేద్దాం అనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది, మనకి టాలెంట్ సరిపోతుందా అని. అది ఎవరూ చెప్పలేరు. కానీ బయటికొచ్చాక ఊపిరాడనివ్వనిది డబ్బులు వచ్చే టైమింగ్, జీతమైతే నెల తిరిగేసరికి మనం పడుకున్నా పడిపోతుంది, ఫ్రీలాన్స్‌లో అయితే పని అయిపోయాక నాలుగుసార్లు అడిగితే గానీ పడదు. సో ముందు దానికి ప్రిపేర్ అవ్వండి.

ఫస్ట్ హెల్త్ ఇన్సూరెన్స్. ఆఫీస్ గ్రూప్ పాలసీ మామూలుగా లాస్ట్ వర్కింగ్ డేతో ఖతం. అమ్మానాన్నలకి బీపీ, షుగర్ ఉంటే కొత్త పాలసీలో వాటికి మూడేళ్ళ దాకా వెయిటింగ్ (అప్పటిదాకా ఆ జబ్బులకి క్లెయిమ్ ఇవ్వరు) పెట్టొచ్చు, అందుకే ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసేసుకుంటే ఆ గడియారం ఇప్పట్నుంచే తిరుగుతుంది. క్రెడిట్ కార్డో, హోమ్ లోనో కావాలంటే అదీ ఇప్పుడే, ఫ్రీలాన్సర్ అంటే బ్యాంకోళ్ళు రెండు మూడేళ్ళ ఐటీ రిటర్నులు తెమ్మంటారు (కొత్తగా ఈఎంఐ నెత్తిన పెట్టుకుని మానేయమని మాత్రం నేను చెప్పను).

గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీస్‌ని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు, అది కూడా చూసుకోండి. పర్మనెంట్ ఉద్యోగానికి ఐదేళ్ళు నిండాలి, బేసిక్ 40,000 ఉంటే సుమారు 1,15,000 వస్తుంది. రెండు మూడు నెలలే తక్కువుంటే మేనేజర్ మొహం ఇంకో రెండు నెలలు భరించండి, నోటీస్ పీరియడ్ కూడా సర్వీస్‌లోకే వస్తుంది.

ఇక పని రుచి చూడటం. ఆఫర్ లెటర్‌లో బయట పని చేయకూడదు అన్న క్లాజ్ ఉందేమో చదవండి, ఉంటే డబ్బులు తీసుకోకుండా నేర్చుకోండి, సొంత లాప్‌టాప్ మీదే, కంపెనీ లాప్‌టాప్‌లో ఒక్క ఫైల్ కూడా పెట్టొద్దు. శనివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కితే అదే లైన్‌లో యూసుఫ్‌గూడలో దిగొచ్చు, అక్కణ్ణుంచి సినిమావాళ్ళుండే కృష్ణానగర్ పక్కనే, తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ ఎడిట్ రూమ్‌లో కూర్చోండి. రాత్రి పదకొండుకి డైరెక్టర్ వచ్చి "ఫస్ట్ వెర్షనే బాగుంది కదా, అది పెట్టెయ్" అన్నప్పుడు మీకు నవ్వొచ్చిందా ఏడుపొచ్చిందా చూసుకోండి, అక్కడే సగం తేలిపోతుంది.

సినిమాల్లోకే డైరెక్ట్‌గా వెళ్ళాలనేం లేదు, చాలామందికి అన్నం పెట్టేది పెళ్ళి వీడియోలు. దానికో క్యాలెండర్ ఉంటుంది. మూఢం, ఆషాఢం వస్తే పెళ్ళి షూట్లుండవు, కెమెరా వాళ్ళు ఖాళీ, ఎడిటర్‌కి మాత్రం ఎండాకాలం పెళ్ళిళ్ళ పెండింగ్ అంతా అప్పుడే మీద పడుతుంది. కానీ స్టూడియో వాడికి కొత్త అడ్వాన్సులు రావు కాబట్టి మీ డబ్బులూ లేటే! కాబట్టి ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోండి, పెళ్ళయి పిల్లలుంటే ఏడాదిది.

డబ్బులడగడం మాత్రం ఇవాళే ప్రాక్టీస్ మొదలెట్టాలి, ఎందుకంటే "మనోడివే కదా తమ్ముడూ, నెక్స్ట్ ప్రాజెక్ట్‌లో చూసుకుందాం" అనేవాళ్ళు బోలెడుమంది. ముందే వాట్సాప్‌లో ఇలా పెట్టేయండి: "అన్నా, మొత్తం 20,000. సగం అడ్వాన్స్ పడగానే స్టార్ట్ చేస్తా. కరెక్షన్స్ రెండు రౌండ్లు, మూడోదానికి సెపరేట్. మిగతాది పడ్డాక వాటర్‌మార్క్ తీసి ఫైనల్ ఫైల్ ఇస్తా." మొహమాటపడి దీన్ని మెత్తగా మార్చొద్దు. ఓకే అని రిప్లై వచ్చాకే ఫుటేజ్ కాపీ చేసుకోండి.

కంపెనీలు పేమెంట్ చేసేటప్పుడు 10 శాతం టీడీఎస్ (ముందే కట్ చేసే టాక్స్) పట్టుకోవచ్చు, భయపడక్కర్లేదు, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. ఏడాది బిల్లింగ్ 20 లక్షలు దాటితే జీఎస్టీ తీసుకోవాలి, అంత వస్తే ఎలాగూ సీఏని పెట్టుకుంటారు లెండి.

ఆఖర్న వచ్చేటప్పుడు రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్‌లు అన్నీ పర్సనల్ మెయిల్‌కి తెచ్చుకోండి, జీతంలో కట్ చేసిన టాక్స్‌కి ఇచ్చే సర్టిఫికెట్ (ఫామ్ 16 అని పిలిచేది) తర్వాత వస్తుంది కాబట్టి హెచ్ఆర్‌కి ఆ మెయిల్ ఐడీ ఇచ్చి రండి. పీఎఫ్ అకౌంట్‌కి ఆఫీస్ సిమ్ నంబర్ లింక్ అయి ఉంటే సిమ్ తిరిగి ఇచ్చేలోపే మార్చేయండి, లేదంటే ఓటీపీ పోయేది ఆ సిమ్‌కే.