చిన్న కప్‌బోర్డు సర్దుకుందాం – రెండో పాఠం: వెలుతురు ముందు నుంచి రావాలి

మొదటి పాఠంలో కప్‌బోర్డు మొత్తం ఖాళీ చేశాం, వెడల్పు ఎత్తు లోతు కొలిచి రాసుకున్నాం, వాడనివి వేరు చేశాం. మిగిలిన బట్టలు ఇంకా మంచం మీదే ఉంటే ఉండనివ్వండి. లైటు పెట్టాకే సర్దుదాం. ఏ అరలో ఏది పెట్టాలో చాలావరకు వెలుతురే తేలుస్తుంది.

మన ఫ్లాట్లలో పడకగది ట్యూబులైటు చాలాసార్లు కప్‌బోర్డుకు ఎదురు గోడ మీద ఉంటుంది. షట్టర్ తెరిచి నిలబడగానే మన నీడే లోపల పడుతుంది. పై రెండు అరలు కాస్త కనిపిస్తాయి, కింద అంతా చీకటి. నేవీ బ్లూ ప్యాంటును నలుపనుకుని తీయడం, జత జాకెట్టు కోసం పది జాకెట్లు లాగి పడేయడం ఇక్కడే మొదలవుతుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. రాత్రిపూట గది లైటు వేసే ఉంచి, ఫోను టార్చిని మొదట కప్‌బోర్డు లోపలి పైకప్పుకు ఆనించి కిందికి చూపండి. పై అర వెలుగుతుంది, దాని కింద నీడ. తర్వాత వెనక గోడకు ఆనించి మీ వైపు తిప్పండి. కళ్లు చెదురుతాయి, వస్తువుల ముందు వైపు నల్లగా ఉంటుంది. చివరగా తలుపు చౌకట్టు లోపలి అంచున, ముందు వైపు పట్టుకుని వెనక గోడవైపు చూపండి. బట్టల ముఖాలన్నీ వెలుగుతాయి, బల్బు మీ కంటికి కనిపించదు. లైటు ఉండాల్సిన చోటు ఇదే. చాలామంది పైకప్పు మధ్యలో ఒక గుండ్రటి లైటు పెట్టించి ఖర్చు వృథా చేసుకుంటారు. అరలున్న కప్‌బోర్డులో అది పై అరకు మాత్రమే పనికొస్తుంది.

కాబట్టి ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను, అంటే చిట్టి లైట్లు వరసగా ఉండే సన్నటి పట్టీని, ముందు చౌకట్టుకు రెండు పక్కలా, లోపలి వైపు నిలువుగా పెడతాం. నిలువు స్ట్రిప్ అన్ని అరలకూ ఒకేసారి వెలుతురు ఇవ్వాలంటే అర అంచు స్ట్రిప్‌కు కనీసం ఒక అంగుళం వెనక ఉండాలి. అరలు చౌకట్టు దాకా వచ్చేసి ఉంటే నిలువు స్ట్రిప్ కుదరదు. అప్పుడు ప్రతి అర అడుగున, ముందు అంచు వెనకాలే అడ్డంగా ఒక్కో ముక్క పెట్టాలి. పని ఎక్కువే, ఫలితం మాత్రం బాగుంటుంది.

ఇక సామాను. 12 వోల్టుల స్ట్రిప్, 2835 రకం చిప్ (ఎల్‌ఈడీ సైజును చెప్పే అంకె), మీటరుకు 60 ఎల్‌ఈడీలు ఉన్నది చాలు. ఇది మీటరుకు సుమారు 4.8 వాట్లు తీసుకుంటుంది. 120 ఎల్‌ఈడీలది దాదాపు రెట్టింపు తీసుకుంటుంది, చిన్న కప్‌బోర్డుకు అంత అక్కర్లేదు. వెలుతురు రంగును కెల్విన్ అంకెతో చెబుతారు, 4000 కెల్విన్ ఉన్నది తీసుకోండి. 6500లో జరీ పాలిపోయినట్టు ఉంటుంది, 3000లో తెల్ల చొక్కా పసుపు తిరిగినట్టు, నేవీ బ్లూ నల్లగా కనిపిస్తాయి. సీఆర్‌ఐ 90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నదే అడగండి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది. చవక స్ట్రిప్‌లలో ఎరుపు సరిగా పలకదు, మెరూన్ చీర గోధుమరంగులో కనిపిస్తుంది. కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కు వెళ్లేటప్పుడు ఒక మెరూన్ గుడ్డ, ఒక బ్రౌన్ గుడ్డ బ్యాగులో వేసుకుని వెళ్లండి. షాపులో స్ట్రిప్ వెలిగించమని అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా తెలియకపోతే ఆ స్ట్రిప్ వద్దు.

లెక్క ఇలా వేయాలి. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న కప్‌బోర్డుకు పక్కకు ఆరడుగుల చొప్పున రెండు ముక్కలు. మొత్తం 12 అడుగులు, అంటే సుమారు 3.7 మీటర్లు. దాన్ని 4.8తో గుణిస్తే దాదాపు 18 వాట్లు. 12 వోల్టుల దగ్గర అది 1.5 ఆంపియర్లు. ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చి స్ట్రిప్‌కు ఇచ్చే పెట్టెను డ్రైవర్ అంటారు. దాన్ని దాని సామర్థ్యంలో 80 శాతం మించి వాడకూడదు. కాబట్టి 2 ఆంపియర్లది, అంటే 24 వాట్ల డ్రైవర్ సరిపోతుంది. సరిగ్గా 18 వాట్లకే కొంటే అది వేడెక్కి, రక్షణ కోసం తనంతట తానే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. స్ట్రిప్ పాడైందనుకుని మార్చేస్తారు, తప్పేమో డ్రైవర్‌ది. డ్రైవర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు ఉందో లేదో చూడటం మరవకండి.

ఒక నియమం మాత్రం ఖచ్చితంగా పాటించండి: 230 వోల్టులు కప్‌బోర్డు లోపలికి రాకూడదు. ప్లగ్గుతో వచ్చే అడాప్టర్ రకం డ్రైవర్ కొని, పక్కనున్న 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టండి. లోపలికి వెళ్లేది 12 వోల్టుల సన్న వైరు మాత్రమే, 0.75 చదరపు మిల్లీమీటర్లది చాలు. దగ్గర్లో సాకెట్ లేకపోతే కొత్తది వేయించడం ఎలక్ట్రీషియన్ పని, మీరు చేతులు పెట్టకండి. డ్రైవర్‌ను బట్టల వెనక, మూసిన డబ్బాలో దాచవద్దు. గాలి ఆడకపోతే ఎంత మంచి డ్రైవరైనా తొందరగా పోతుంది.

ఇప్పుడు అంటించడం. పాత ఇళ్లలో, చాలా అపార్ట్‌మెంట్లలో కూడా అరలు కడప బండతో ఉంటాయి. వీటి దగ్గరే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. నున్నటి నల్ల బండకు నూనె పాలిష్ ఉంటుంది, దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న సన్నటి దుమ్ము ఉంటుంది. స్ట్రిప్ వెనకున్న జిగురు ఆ దుమ్ముకే అంటుకుంటుంది, బండకు కాదు. వారం తిరక్కుండానే చివర ఊడి వేలాడుతుంది. పాత పేపరు, జిగురు గీకేయండి. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడవండి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాలి. స్ట్రిప్‌ను నేరుగా అంటించకుండా, తెల్ల మూత ఉన్న అల్యూమినియం ప్రొఫైల్‌లో, అంటే గాడిలాంటి పొడవాటి పట్టీలో, పెట్టండి. 45 డిగ్రీల మూల ప్రొఫైల్ అయితే వెలుతురు ఏటవాలుగా లోపలికి పడుతుంది. అల్యూమినియం వేడిని లాగేస్తుంది, మూత చుక్కల్లా కనిపించే వెలుగును కలిపేస్తుంది. బండ అంచు దగ్గర డ్రిల్ పెడితే పెచ్చు లేస్తుంది కాబట్టి ప్రొఫైల్‌ను సిలికాన్‌తో అంటించి, పెయింటర్ టేపుతో కట్టి 24 గంటలు కదపకుండా వదిలేయండి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు వదిలే ఆమ్లం రాగిని తినేస్తుంది. ప్లైవుడ్ కప్‌బోర్డుకు ఈ తంటాలేవీ లేవు, అరంగుళం స్క్రూలు చాలు.

నల్ల బండ వెలుతురును మింగేస్తుంది. అరల అడుగున, పక్క గోడలకు తెల్ల మ్యాట్ పెయింట్ వేయండి. మెరిసే ఎనామిల్ వద్దు, అందులో ఎల్‌ఈడీల ప్రతిబింబం పడి కంట్లో గుచ్చుకుంటుంది.

స్ట్రిప్‌ను దాని మీద గీత ఉన్న చోటే కత్తిరించాలి. 60 ఎల్‌ఈడీల రకంలో ప్రతి మూడు ఎల్‌ఈడీలకు, అంటే 5 సెంటీమీటర్లకు ఒక గీత ఉంటుంది. మూల దగ్గర స్ట్రిప్‌ను మడిస్తే లోపలి రాగి పొర తెగి, అక్కడి నుంచి అవతలంతా ఆరిపోతుంది. మడవకుండా కత్తిరించి, రెండు ముక్కలను వైరుతో కలపండి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో అతుకుకు రెండు మూడు సెకన్లు చాలు. ఇంకా ఎక్కువసేపు ఆనిస్తే రాగి ముక్క లేచి వస్తుంది. సోల్డరింగ్ రానివాళ్లు నొక్కే క్లిప్పు వాడొచ్చు, కానీ తలుపు కుదుపులకు అది వదులవుతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే ఏమీ పేలదు, స్ట్రిప్ వెలగదంతే. మార్చి పెట్టండి.

స్విచ్ బదులు, తలుపు తెరిస్తే లైటు వెలిగించి మూస్తే ఆర్పే డోర్ సెన్సర్ పెట్టడమే మేలు. ఈ 18 వాట్లు రోజుకు పది నిమిషాలు వెలిగితే నెలకు 0.09 యూనిట్. ఆర్పడం మరిచి నెలంతా వదిలేస్తే దాదాపు 13 యూనిట్లు. సెన్సర్‌ను డ్రైవర్‌కు, స్ట్రిప్‌కు మధ్య కలపాలి. రెండు షట్టర్లుంటే రెండు కళ్ల సెన్సర్ తీసుకోండి. షట్టర్ మూసినప్పుడు సెన్సర్‌కు 5 సెంటీమీటర్ల లోపు ఉండేలా చూడండి. తలుపు మూసినా లైటు ఆరకపోతే షట్టర్ లోపలి వైపు ముదురు మ్యాట్ లామినేట్ ఉందేమో చూడండి. సెన్సర్ పంపే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని అది తిప్పి పంపదు, దాంతో తలుపు మూసినట్టు సెన్సర్‌కు తెలియదు. సెన్సర్ ఎదురుగా రూపాయి బిళ్లంత తెల్ల స్టిక్కర్ అంటిస్తే సరిపోతుంది.

షట్టర్ల బదులు కర్టెన్ ఉన్నవాళ్లు కదలికను పట్టే పీఐఆర్ సెన్సర్ వాడతారు. అది ఒంటి వేడికీ చుట్టుపక్కల వేడికీ ఉన్న తేడాను పట్టుకుంటుంది. మే నెలలో మన గదుల వేడి ఒంటి వేడికి దగ్గరవుతుంది కాబట్టి బాగా దగ్గరికి వెళ్తే తప్ప వెలగదు. సెన్సర్ పాడవలేదు, వానలు పడగానే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది.

అద్దె ఇల్లయితే ఇవన్నీ వద్దు. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే అయస్కాంతపు లైట్లు రెండు కొని, చౌకట్టుకు ఇదే పద్ధతిలో ముందు వైపు పెట్టండి. ఇనుప బీరువాకూ ఇవే. ఇనుములోకి కరెంటు వైరు తీసుకెళ్లవద్దు.

లైటు వెలిగింది కదా, ఇప్పుడు బట్టలు. నేల నుంచి నాలుగు, ఐదున్నర అడుగుల మధ్య రోజువారీ బట్టలు. కింది అరలో బరువైనవి. ప్రతి దొంతరనూ అర అంచు నుంచి రెండంగుళాలు వెనక్కి పెట్టండి. అంచుదాకా నింపితే ముందు దొంతర నీడ వెనకున్నదాన్ని కప్పేస్తుంది. దొంతర ఎత్తు పది అంగుళాలు దాటనివ్వకండి. హ్యాంగర్లు అడ్డంగా పట్టాలంటే లోతు 22 నుంచి 24 అంగుళాలు కావాలి. గోడలో కట్టిన పాత కప్‌బోర్డుకు అంత లోతు ఉండదు. అక్కడ ముందుకు లాగే హ్యాంగర్ రాడ్డు బిగిస్తే చొక్కాలు ముఖం మనవైపు పెట్టి వరసగా వేలాడతాయి. బేగం బజార్‌లో హ్యాంగర్లు కొంటే అన్నీ ఒకే రకం తీసుకోండి, మందం కలవకపోతే చోటు పోతుంది.

కప్‌బోర్డు వెనక బాత్రూమ్ గోడ ఉంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా జాగ్రత్త. బట్టలకూ వెనక గోడకూ మధ్య ఒక అంగుళం ఖాళీ వదలండి. గద్వాల, పోచంపల్లి పట్టుచీరలు ఆ గోడ వైపు పెట్టవద్దు. పాత తెల్ల నూలు గుడ్డలో చుట్టి, పొడిగా ఉండే అరలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో తేమ చిక్కుకుని జరీ నల్లబడుతుంది. నాఫ్తలీన్ ఉండ జరీకి తగలకూడదు. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చి వేయండి.

వచ్చే పాఠం అటక గురించి. ఆలోపు మీ అటక నోటి వెడల్పు, ఎత్తు, లోపలి లోతు, నేల నుంచి దాని అంచు దాకా ఉన్న ఎత్తు కొలిచి రాసి పెట్టుకోండి. లోతు కొలవడానికి నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఒకరు పట్టుకోవాలి. అటకలో ఇప్పుడున్న డబ్బాలను మాత్రం ఇంకా దించకండి.