ఇంట్లో ఉన్న పావులతోనే వెయ్యేళ్ల నాటి చదరంగం ఆడదాం

మా మనవరాలికి చదరంగం చరిత్ర చెప్పబోతే రెండు నిమిషాలకే లేచి వెళ్లిపోయింది. మర్నాడు చెప్పడం మానేసి, ఆడించాను. గంటన్నర కదల్లేదు. మీ పిల్లలతోనూ ఇలా చేసి చూడండి.

బోర్డు పక్కన పెట్టి, గచ్చు మీద సుద్దముక్కతో ఎనిమిదికి ఎనిమిది గళ్లు గీయండి. రంగులు వద్దు. మన పూర్వికులు చతురంగం ఆడింది అష్టాపదం అనే రంగుల్లేని గళ్ల పలక మీదే. నలుపు తెలుపు గళ్లు యూరప్‌లో వచ్చి చేరాయి.

పావులు ఎప్పటిలాగే పేర్చండి. నడకలు మాత్రం మన ఆట పారశీకం మీదుగా అరబ్బులకు చేరి ‘షత్రంజ్’ అయినప్పటివి. రాజు, గుర్రం, ఏనుగు ఇప్పటిలాగే. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే. చివరి వరస చేరితే మంత్రే అవుతుంది. మంత్రి ఐమూలగా ఒక్క గడి. శకటు ఐమూలగా సరిగ్గా రెండో గడికి దూకుతుంది, మధ్యలో ఎవరున్నా సరే. రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదిలే క్యాస్లింగ్ లేదు.

శకటు దగ్గర కాస్త ఆగండి. అది చేరగల ప్రతి గడిలో ఒక శనగగింజ పెట్టమనండి. మొదటి గడితో కలిపి ఎనిమిదే! నాలుగు శకటులకూ ఎవరి ఎనిమిది వాళ్లవే, కాబట్టి ఒకదాన్నొకటి ఎప్పటికీ చంపలేవు. ఇంకో సంగతి: పారశీకుల ఆటలో ఈ చోట ఉన్నది ఏనుగు, మూలన ఉన్నది రథం. శకటం అంటే బండే కదా, మన తెలుగు పేర్లలో ఆ రెండూ చోట్లు మార్చుకున్నాయి. నాకెంతో ఇష్టమైన విషయం ఇది.

ఆట మెల్లగా సాగుతుంది, తొందరపెట్టకండి. అరబ్బు ఆటగాళ్లు సైన్యాన్ని ఎలా మోహరించాలో ముందే నేర్చుకునేవారు. ఆ అమరికల్ని తబియాలు అనేవారు.

రెండో ఆటలో ఇప్పటి నడకలన్నీ తిరిగి ఇచ్చేయండి. మంత్రికీ శకటుకూ ఈ బలం వచ్చింది 15వ శతాబ్దం చివర్లో. 1475 ప్రాంతంలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో రాసిన ఒక కవితలో కొత్త మంత్రి కనిపిస్తుంది. నేను తెల్లపావులతో నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు చేసి చూపించాను. మంత్రి రెండే ఎత్తుల్లో నల్లరాజు పక్క బంటును తినేసింది. పాత మంత్రి అక్కడికి చేరాలంటే? మనవరాలు అదే దారిలో గడిగడికీ వేలు పెట్టి లెక్కపెట్టింది. ఆరు ఎత్తులు.