లాప్‌టాప్ లేకుండా మండపంలోనే ఫొటోల బ్యాకప్

రాత్రి ముహూర్తం పెళ్లిళ్లలో తలంబ్రాల వేళకే కెమెరాలో ఒక మెమరీ కార్డు నిండిపోతుంది. ఇంటికెళ్లేదాకా ఆ ఫొటోలు ఆ ఒక్క కార్డులోనే ఉన్నాయంటే టెన్షనే.

ఫోన్‌కి టైప్-సి హబ్ (ఒకే పోర్టుకి కార్డు, డ్రైవ్ లాంటివి కలిపే అడాప్టర్) తగిలించి, దానికి కార్డు, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చిన్న డ్రైవ్) రెండూ పెట్టండి. ఫైల్స్ యాప్‌లో, కార్డులో ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డర్‌ని ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేయండి, కట్ మాత్రం వద్దు. సెకనుకి 80 ఎంబీ వేగం వస్తే 64 జీబీకి పావుగంట చాలు. తర్వాత రెండుచోట్లా ఫైళ్ల లెక్క సరిచూసి, చివరి ఫొటో తెరిచి పెళ్లికూతురి బాసికం దాకా జూమ్ చేయండి. ఫొటో సగమే కాపీ అయితే కింది భాగంలో బూడిదరంగు పట్టీ కనిపించవచ్చు. ఎస్‌ఎస్‌డీని కెమెరా బ్యాగులో కాకుండా జేబులో ఉంచుకోండి.

ఎస్‌ఎస్‌డీకి బదులు పాత హార్డ్ డిస్క్ పెడితే ఫోన్ ఇచ్చే కరెంటు చాలక మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు ఛార్జింగ్ పోర్టున్న హబ్‌కి పవర్‌బ్యాంక్ కలపాలి.