వాంతులు చేసుకునే పిల్లలకు ఓఆర్ఎస్ తాగించడం ఎలా?

నీళ్ల విరేచనాలు పట్టుకుంటే పిల్లలకు ఓఆర్ఎస్ ఇవ్వాలని తెలియని తల్లిదండ్రులు ఇప్పుడు తక్కువే. ఎలా ఇవ్వాలో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. "ఇచ్చామండీ, తాగిన మరుక్షణమే కక్కేశాడు, వాడికి పడలేదు" అని ఎవరైనా అన్నారంటే, గ్లాసుడు ఒక్క గుక్కలో పట్టించి ఉంటారని చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఓఆర్ఎస్ పడని పిల్లలు చాలా అరుదు. తొందరపడి తాగించే పెద్దవాళ్లే ఎక్కువ.

కావలసినవి

ఓఆర్ఎస్ ప్యాకెట్, లీటరు కచ్చితంగా కొలవగలిగే సీసా, మూత ఉన్న శుభ్రమైన పాత్ర, చిన్న కప్పు, 5 మి.లీ. చెంచా, గడియారం, ఒక కాగితం, పెన్ను. అంతే.

చెంచా విషయంలో ఒక్క మాట. వంటింటి చెంచాలన్నీ 5 మి.లీ. పట్టవు. కొన్ని మూడే పడతాయి, కొన్ని ఏడు. మందు సిరప్‌తో వచ్చే కొలత మూతలో 5 మి.లీ. గీత దాకా నీళ్లు పోసి, ఆ నీళ్లను చెంచాలోకి ఒంపి చూస్తే తేలిపోతుంది. సూది లేని 5 మి.లీ. సిరంజి ఉంటే ఇంకా మేలు. పాలసీసా మాత్రం వద్దు. దాన్ని సరిగ్గా శుభ్రం చేయడం కష్టం, పైగా దాహంతో ఉన్న బిడ్డ ఆపకుండా లాగేస్తుంది. కప్పు, చెంచా, సిరంజి: ఈ మూడే.

ప్యాకెట్ కొనేటప్పుడు వెనక చదవండి. లీటరు నీళ్లకు సరిపడే ప్యాకెట్‌లో మొత్తం 20.5 గ్రాముల పొడి ఉంటుంది: గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఇప్పుడు సిఫార్సు చేస్తున్నది ఇదే. అట్టడబ్బాల్లో, రంగు సీసాల్లో ఓఆర్ఎస్‌లాగే కనిపించే తియ్యటి పానీయాలు వేరు. వాటిలో చక్కెర ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాలకు అవి మందు కాకపోగా, ఉన్నవాటిని పెంచుతాయి.

కలపడం

నీళ్లు కాచి చల్లార్చండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు పోయమన్నారో అన్నీ ముందే కొలిచి పాత్రలో పోయండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, పొడి మొత్తం అందులో వేసి, పూర్తిగా కరిగేదాకా కలపండి. రుచి చూడండి. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే ఎక్కడో లెక్క తప్పింది, పారబోసి మళ్లీ కలపండి.

ఇంత తేలికైన పని కూడా తప్పేది ఒక్క చోట. లీటరు ప్యాకెట్‌ను "ఒక్క గ్లాసే తాగుతాడు కదా" అని 200 మి.లీ. నీళ్లలో కలిపేస్తారు. అప్పుడు ఉప్పు అయిదింతలు చిక్కబడుతుంది. ఆ నీళ్లు తాగిన బిడ్డ రక్తంలో సోడియం పెరిగిపోయి మూర్ఛలు రావచ్చు. సగం ప్యాకెట్ సగం నీళ్లలో కలపడం కూడా వద్దు. పొడిలోని నాలుగు పదార్థాలు సమంగా కలిసి ఉండవు, సగం పొడిలో సగం ఉప్పే వస్తుందని చెప్పలేం. చిన్న మోతాదు కావాలంటే 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, అవి కొనండి. మిగిలిందని బాధపడకండి, లీటరు కలిపి సగం పారబోసినా నష్టం లేదు.

రుచి కోసం చక్కెర, తేనె, పండ్లరసం, పాలు ఏవీ కలపొద్దు. దీనికి కారణం ఉంది. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఒకే తలుపులోంచి లోపలికి వెళతాయి, నీళ్లు వాటి వెంట వెళతాయి. విరేచనాల జబ్బులో మిగతా దారులు దెబ్బతిన్నా ఈ తలుపు చాలామటుకు పనిచేస్తూనే ఉంటుంది. అందుకే లీటరులో సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్ (బరువు లెక్క కాదు, కణాల సంఖ్య లెక్క) చొప్పున సరిసమానంగా పెట్టారు. చక్కెర ఎక్కువైతే అది పేగులోనే మిగిలిపోయి, ఒంట్లోని నీళ్లను ఎదురు లాగుతుంది. 2002కు ముందున్న పాత మిశ్రమం ఇంతకంటే చిక్కగా ఉండేది. పలచబరిచాక వాంతులు, విరేచనాల పరిమాణం, సెలైన్ ఎక్కించాల్సిన అవసరం అన్నీ తగ్గాయి.

కలిపిన నీళ్లను మళ్లీ కాచకండి. మూత పెట్టి ఉంచితే 24 గంటలు వాడుకోవచ్చు, ఆ తర్వాత పారబోయాలి. పాత్ర మీద కలిపిన టైము రాసిపెట్టండి. లేకపోతే రెండో రోజు "ఇది నిన్నటిదా, ఇవాళ్టిదా" అన్న చర్చ మొదలవుతుంది.

ప్యాకెట్ అందుబాటులో లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమానంగా కొలిచి కలపొచ్చు. ప్యాకెట్ వచ్చేదాకా మాత్రమే. ఇందులో పొటాషియం లేదు, చెయ్యి కాస్త జారితే ఉప్పు ఎక్కువవుతుంది. "ఇంట్లో చేసిందే మంచిది" అనే వాదన వేరే వాటికి పనికొస్తుందేమో, దీనికి కాదు.

ఎంత ఇవ్వాలి

బిడ్డ ఒంట్లో నీరు ఇంకా తగ్గకపోతే, ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసు వాళ్లకు 100 నుంచి 200 మి.లీ. సరిపోతుంది.

కళ్లు లోపలికి పోయినట్టున్నా, చిరాకుపడుతూ నీళ్లకోసం ఎగబడుతున్నా, నీరు తగ్గడం మొదలైందని అర్థం. బొడ్డుకూ పక్కకూ నడుమ పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి వదలండి. చటుక్కున సర్దుకోకుండా మెల్లగా వెనక్కి వెళితే అదీ అదే గుర్తు. అప్పుడు బరువును బట్టి కిలోకు 75 మి.లీ. చొప్పున, నాలుగు గంటల్లో ఇవ్వాలి. ఇది డాక్టరో నర్సో చూస్తుండగా జరగాల్సిన పని. వాళ్ల దగ్గరికి చేరేలోపు ఇంట్లోనే మొదలుపెట్టేయండి.

అసలు కష్టం: తాగించడం

నిదానంగా చదవాల్సిన భాగం ఇదే.

పది కిలోల బిడ్డకు నాలుగు గంటల్లో 750 మి.లీ. వెళ్లాలి. 5 మి.లీ. చెంచాతో అయితే 150 చెంచాలు, అంటే దాదాపు ఒకటిన్నర నిమిషానికి ఒక చెంచా. చూడటానికి ఈ లెక్క హాస్యాస్పదంగా ఉంటుంది. నాలుగు గంటలు చెంచా పట్టుకుని ఎవరు కూర్చుంటారు? కూర్చోవాలి. ఇంట్లో ఇద్దరుంటే వంతులు వేసుకోవాలి. గడియారం ఎదురుగా పెట్టుకుని, ప్రతి 20 చెంచాలకు కాగితం మీద ఒక గీత గీయండి. గీత అంటే 100 మి.లీ. "బాగానే తాగాడు" అనే మాటతో ఏ డాక్టరుకూ ఉపయోగం లేదు. "రెండు గంటల్లో మూడు గీతలు, రెండు వాంతులు" అంటే బోలెడు ఉపయోగం.

బిడ్డను పడుకోబెట్టి తాగించకూడదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల మీ మోచేతికి ఆనించి, కాస్త ఎత్తుగా ఉంచండి. సిరంజి అయితే కొనను బుగ్గ లోపలివైపు, దవడకూ బుగ్గకూ మధ్య పెట్టి, ఒకటి రెండు మి.లీ. చొప్పున వదలండి. మింగాడని చూశాక మళ్లీ వదలండి. నాలుక మీద గొంతులోకి సూటిగా కొడితే పొలమారుతుంది, ఆ దగ్గుతోనే వాంతి కూడా వస్తుంది. ముక్కు మూసి పోయడమైతే చేయనే చేయకూడదు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

దాహంతో ఉన్న బిడ్డ చెంచాను కాదు, కప్పునే లాక్కోబోతాడు. ఏడుస్తాడు. పెద్దవాళ్లు కరిగిపోయేది ఇక్కడే: "పాపం, దాహమేస్తోంది, తాగనివ్వు." తాగనిస్తే అయిదు నిమిషాల్లో అదంతా బయటికి వస్తుంది. చిరాకుగా ఉన్న పొట్టలోకి ఒక్కసారిగా 100 మి.లీ. పడితే అది సాగి, తిరగగొడుతుంది. అదే నీటిని చెంచా చెంచాగా పంపితే కొంత కొంతగా పేగులోకి జారిపోతుంది, కక్కడానికి పొట్టలో నిల్వ ఉండదు. కప్పును బిడ్డ కంటికి కనిపించకుండా వెనక పెట్టుకుంటే సగం పోరు తగ్గుతుంది.

వాంతి అయిందనుకోండి. నోరు తుడిచి, పది నిమిషాలు ఏమీ ఇవ్వకుండా ఆగండి. గడియారం చూసి పది. ఖంగారులో రెండు నిమిషాలే పదిలాగా అనిపిస్తాయి. ఆ తర్వాత ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున మొదలుపెట్టండి. అరగంట నిలిస్తే పాత వేగానికి రావచ్చు. కక్కినప్పుడు తాగిందంతా పోయినట్టే కనిపిస్తుంది కానీ, చాలామటుకు లోపలే ఉంటుంది. పక్కగుడ్డ తడిసిన మేర చూసి భయపడి ఆపేయడమే ఇక్కడ జరిగే అతి పెద్ద తప్పు.

తాగనని మొరాయించే పిల్లల సంగతి వేరు. ఒంట్లో నీరు సరిపడా ఉన్న పిల్లాడికి ఓఆర్ఎస్ రుచి నచ్చదు. బాగా ఎండిపోయినవాడు అదే నీళ్లను ఆబగా తాగుతాడు. కాబట్టి హుషారుగా తిరుగుతూ, మూత్రం మామూలుగా పోస్తూ చెంచాను తోసేస్తుంటే అంత కంగారు వద్దు. చల్లగా చేసి ఇవ్వండి, చల్లదనానికి ఉప్పు రుచి తగ్గుతుంది. నీరసంగా ఉండి కూడా మింగకపోతే అది మొండితనం కాదు, ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తు.

రాత్రి నిద్రపోతే మొత్తం ఆపేయకండి. నీరు తగ్గిన గుర్తులుంటే లేపి తాగించాలి. నిద్రలోనే నోట్లో పోయడం మాత్రం వద్దు.

కంటి రెప్పలు ఉబ్బినట్టు కనిపిస్తే ఓఆర్ఎస్ ఎక్కువైందన్నమాట. ఆపి, మామూలు నీళ్లు లేదా తల్లిపాలు ఇవ్వండి. వాపు తగ్గాక అవసరాన్ని బట్టి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

"ఇంకా విరేచనాలు ఆగలేదే?"

ఆగవు. ఓఆర్ఎస్ పని విరేచనాలను ఆపడం కాదు, పోయిన నీళ్లను, లవణాలను తిరిగి నింపడం. విరేచనాలు కొన్ని రోజులపాటు సాగి వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా వాటికి బిరడా బిగించాలని లోపెరమైడ్ లాంటి పెద్దల మాత్రలు పిల్లలకు వేయడం ప్రమాదం. మలంలో రక్తం, కలరా లాంటి కారణాలుంటే తప్ప యాంటీబయాటిక్స్ కూడా అక్కర్లేదు, అది తేల్చాల్సింది డాక్టరే.

సెలైన్ పెట్టించుకుంటే త్వరగా తగ్గుతుందనే నమ్మకం ఒకటి గట్టిగా ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంట సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. మింగగలిగిన బిడ్డకు చాలా సందర్భాల్లో చెంచా చాలు. సెలైన్ అవసరం ఉన్నది మింగలేని స్థితిలో ఉన్న బిడ్డకు, ఎంత నెమ్మదిగా ఇచ్చినా నిలవనివ్వని బిడ్డకు.

తిండి మాన్పించకండి. తల్లిపాలు తాగే బిడ్డకు ఇంకా తరచుగా ఇవ్వండి. రోజూ తినే తిండే కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. "పేగుకు విశ్రాంతి" పేరుతో పస్తు పెడితే బిడ్డ బరువు పోగొట్టుకోవడం తప్ప లాభం లేదు. జింక్ మాత్ర డాక్టరు చెప్పిన మోతాదులో 10 నుంచి 14 రోజులు వేయాలి. విరేచనాలు మూడో రోజే తగ్గాయని మానేస్తారు చాలామంది. మిగతా రోజుల మందు వచ్చే కొన్ని నెలల్లో మళ్లీ విరేచనాలు రాకుండా కాపాడటానికి, కాబట్టి పూర్తి చేయండి.

ఇంట్లో ఆగకూడని గుర్తులు

రెండు నెలల లోపు బిడ్డ అయితే విరేచనాలు మొదలవగానే డాక్టరుకు చూపించండి. బాగా బక్కచిక్కి, పోషకాహార లోపంతో ఉన్న పిల్లలకు కూడా ఈ లెక్కలు వర్తించవు, వాళ్లకు ఆసుపత్రిలోనే వైద్యం జరగాలి. మిగతా ఎవరైనా సరే, మలంలో రక్తం, ఆకుపచ్చ రంగు వాంతి, మూర్ఛ, తీవ్రమైన జ్వరం, ఆరు నుంచి ఎనిమిది గంటలుగా మూత్రం లేకపోవడం, తాగినదల్లా కక్కేయడం, మగత, మడిచిన చర్మం సర్దుకోవడానికి రెండు సెకన్లకంటే ఎక్కువ పట్టడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బయల్దేరండి. గీతలు గీసిన కాగితం, వాడిన ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. తెలివిగా ఉండి మింగుతుంటే దారిలో కూడా చెంచా ఆపొద్దు. మగతలో ఉంటే నోట్లో చుక్క కూడా పోయొద్దు.